మేనూత్ నారుమడి

ఐర్లండు రాజధానియగు డబ్లిన్ నగరమునకు పడమటగా సుమారు 25 కిలోమీటర్ల దూరమున మేనూత్ అను చిన్న పట్టణము కలదు. అచ్చటి సెయింట్ పాట్రిక్ కళాశాలలో ఒక ప్రార్థనాలయమున్నది. దానిని 1875లో కట్టనారంభించి 1891లో ముగించిరి. అందలి ఆసనములు సాధారణమగు గుడులలోవలె బలిపీఠమునకు ఎదురుగా నుండవు. రెండు ప్రక్కల ఒకదానికొకటి అభిముఖముగా, వరుసవెనుక వరుసగా అమర్పబడియున్నవి. చెక్కడపు పనిగల ఆ కొయ్య ఆసనముల సంఖ్య 454. అవి ఊరివారికొరకు చేయించినవి కావు. కతోలిక గురువులు కాగోరి అచ్చట శిక్షణ పొందు విద్యార్థులకొరకు చేయించినవి. 2017వ సంవత్సరమున ఆ శిక్షణకు మేనూత్‌లో క్రొత్తగా చేరినవారు ఆరుగురు. 1795లో కళాశాల స్థాపింపబడినది మొదలు అప్పటివరకు అంత తక్కువ సంఖ్య యెన్నడును లేదు.

ఈ 454కును ఆ 6కును నడుమ జరిగిన కథను నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి. దీనిని ఒక మతశాఖవారి యింటి విషయమని త్రోసివేయరాదు. మనదేశమున పౌరోహిత్యము పెక్కుచోట్ల తండ్రినుండి కుమారునికి సంక్రమించుచు వచ్చినది. లాటిన్ సంప్రదాయమునకు చెందిన కతోలిక గురువు అవివాహితుడు. ఆయన పదవికి వారసుడు ఆయన యింట పుట్టడు. కావున ప్రతి తరమునందును ఆ సంఘము ఇతరుల యిండ్లకు పోయి కుమారులను అడిగి తెచ్చుకొనవలసినదే. ఇండ్లు ఇచ్చినంతకాలము గుడిలో దీపము వెలుగును. ఇండ్లు వెనుకాడిననాడు ఎంతటి కళాశాలయు ఏమియు చేయజాలదు. మేనూత్ చరిత్ర మనకు తెలుపునది యిదియే.

గురువులకు ప్రత్యేక విద్యాలయ ముండవలెనను నియమము క్రైస్తవమతమంత పురాతనమైనది కాదు. మధ్యయుగములలో కొందరు విశ్వవిద్యాలయములలో చదివిరి; పెక్కుమంది ఊరి గురువు చెంత కర్మకాండ మాత్రము నేర్చుకొని పట్టము పొందిరి. వారిలో లాటిన్ మంత్రములను సరిగా చదువలేనివారును ఉండిరి. ప్రొటెస్టంటు ఉద్యమము చెలరేగిన పిమ్మట ఈ లోపము బట్టబయలయ్యెను. 1563వ సంవత్సరము జూలై మాసమున ట్రెంట్ మహాసభ ఒక శాసనము చేసెను. ప్రతి మేత్రాణియు, అనగా ఒక మండలమునందలి గురువులకు పెద్దయగువాడు, తన మండలమున ఒక విద్యాలయమును నెలకొల్పవలెను. అందు 12 ఏండ్లకు తక్కువ కాని, చదువను వ్రాయను వచ్చిన బాలురను చేర్చుకొనవలెను. బీదల బిడ్డలకు ప్రాధాన్యమీయవలెను. ధనికుల బిడ్డలు తమ ఖర్చులు తామే పెట్టుకొనవలెను. ఈ విద్యాలయమునకు వాడిన లాటిన్ పేరునకు నారుమడి యని అర్థము. ఆ పోలిక మన రైతులకు చెప్పనక్కరలేదు. లేతమొక్కను బయటి పొలమున విడువక, చిన్న మడిలో గట్టుకట్టి, నీరు నిలిపి, ఏపుగా పెంచి పిదప నాటుట. అయితే నారుమడి విత్తనమును పుట్టింపలేదు. విత్తనము బయటినుండి రావలెను.

ఐర్లండులో ఈ నారుమడి వేసికొనుటకు చాలకాలము వీలులేకపోయెను. ఇంగ్లండు ఏలుబడిలో కతోలికులపై కఠినశాసనములు అమలులో నుండెను. 1697 నాటి చట్టము మేత్రాణులను, మఠముల గురువులను దేశమునుండి వెడలగొట్టెను. స్వదేశమున కతోలిక విద్యకు తావులేనందున, గురువులు కాగోరు యువకులు సముద్రము దాటి స్పెయినులోని సాలమాంకాకు, పారిస్‌కు, లూవేన్‌కు, రోముకు పోయి చదువుకొనిరి. ఇట్లు రెండు శతాబ్దములు గడచినవి. అంతలో 1789లో ఫ్రాన్సున విప్లవము పుట్టి, అచ్చటి కళాశాలల తలుపులు మూతబడెను. ప్రభుత్వమునకు క్రొత్త భయము పట్టుకొనెను. ఫ్రాన్సునుండి వచ్చు ఐరిష్ యువకులు విప్లవభావములను వెంటగొని వత్తురేమో! ఎడ్మండ్ బర్క్ వంటి రాజనీతిజ్ఞులు స్వదేశమున కళాశాల అవసరమని వాదించిరి. తుదకు 1795లో, కేవలము ప్రొటెస్టంటులతో నిండిన ఐరిష్ పార్లమెంటే కతోలిక గురువులకు మేనూత్ కళాశాలను శాసనమూలమున స్థాపించి ధనమును మంజూరు చేసెను.

ఆ ధనము అర్ధశతాబ్దముపాటు వివాదమునకు మూలమైనది. 1845లో ప్రధానమంత్రి రాబర్ట్ పీల్ వార్షిక గ్రాంటును సుమారు 9,000 పౌనులనుండి 26,000 పౌనులకు పెంచుటకును, భవనములకు వేరుగా 30,000 పౌనులిచ్చుటకును సంకల్పించెను. గ్లాడ్‌స్టన్ తాను పూర్వము వ్రాసిన సిద్ధాంతములకు ఇది విరుద్ధమని మంత్రిపదవికి రాజీనామా నిచ్చెను. పిదప ఆ బిల్లుకే అనుకూలముగా వోటు వేసెను! ప్యూజిన్ అను ప్రసిద్ధ వాస్తుశిల్పి గీచిన నమూనాలపై క్రొత్త కట్టడములు లేచినవి. 500 మంది విద్యార్థులు నివసింపగల మహాకళాశాల యేర్పడినది.

ఆ సంవత్సరమే ఐర్లండున బంగాళాదుంప పంట తెగులుచే నశించి ఘోరక్షామము దాపురించెను. లక్షలకొలది జనులు మరణించిరి. లక్షలకొలది ఓడలెక్కి వలసపోయిరి. జనసంఖ్య తగ్గుచుండ గురువుల సంఖ్య పెరుగజొచ్చెను. చరిత్రకారుల అంచనా ననుసరించి 1840 ప్రాంతమున సుమారు 3,000 మంది కతోలికులకు ఒక గురువు ఉండగా, 1900 నాటికి సుమారు 900 మందికే ఒక గురువు ఉండెను. 1852 మొదలు డబ్లిన్ అగ్రమేత్రాణిగా నుండి, 1866లో కార్డినల్ అయిన పాల్ కల్లెన్ పూనికతో మతజీవనమున క్రమశిక్షణ యేర్పడుట దీనికొక కారణము. రెండవ కారణము ఇంటింటి ఆర్థికస్థితి. క్షామమునకు పిదప రైతులు పొలమును పంచుట మాని, ఒక్క కుమారునికే అప్పగింప నారంభించిరి. మిగిలిన కుమారుల గతి యేమి? వలస, లేక కొలువు, లేక గురుత్వము. అందును గురుత్వము గౌరవప్రదమైనది. ఆంగ్లేయుల ఏలుబడిలో తనవారి పక్షమున నిలిచి మాటలాడగల చదువరి ఊరికి గురువొక్కడే. కుమారుడు గురుపట్టము పొందెననిన ఆ తల్లికి ఊరిలో పెద్దపీట.

దీనివలన ఆ యువకుల భక్తి బూటకమని మేము చెప్పుట లేదు. దైవపిలుపు అను భావమును వారు నిజముగా నమ్మిరి. ఆ పిలుపు చెవిని బడుటకు అనువైన నిశ్శబ్దము ఆనాటి యింటిలో నుండెను. మేము చెప్పునది యింతే.

మేనూత్‌లో శిక్షణాకాలము సాధారణముగా ఏడేండ్లు. నల్లని అంగీ, గంటకొట్టినంతనే మేల్కొనుట, నియమిత సమయములందు మౌనము, లాటిన్ భాషలో తత్త్వశాస్త్రము, వేదాంతము. లోకమునుండి దూరముగా నుంచి లోకమునకు ఉపయోగపడు మనిషిని తయారుచేయుట ఆనాటి పద్ధతి. ఆ పద్ధతిలో గట్టితనము కలదు; లోపమును కలదు. విధేయత మిక్కిలిగా నేర్పబడినది. తన మనస్సును తాను పరీక్షించుకొని తన బలహీనతలను ఇతరులతో చెప్పుకొను విద్య అంతగా నేర్పబడలేదు.

ఈ నారుమడినుండి తీసిన నారు మన తెలుగునాటను నాటబడినదన్న సంగతి కొందరికి ఆశ్చర్యము గొలుపవచ్చును. మేనూత్ కళాశాలలో ద్రవ్యవ్యవహారములు చూచుచుండిన జాన్ ఫెన్నెలీ 1841 మొదలు మద్రాసు కతోలికులకు పెద్దగా నుండెను. మేనూత్‌లో చదివి 1838లో పట్టము పొందిన డానియల్ మర్ఫీ మద్రాసునకు వచ్చి, సికిందరాబాదులో పనిచేసి, 1850లో ముగిసిన సెయింట్ మేరీస్ దేవాలయమును కట్టించెను. 1851లో హైదరాబాదు ప్రత్యేక మండలమైనపుడు ఆయనయే దానికి ప్రథమాధిపతి. గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ పాఠశాల ఆయన కాలమున, 1855లో, వెలసినదే. పిదప ఆయన ఆస్ట్రేలియా ఖండము దాపున టాస్మానియా ద్వీపమునకు మేత్రాణిగా పోయి, 1907లో అచ్చటనే మరణించెను. చిన్న ద్వీపము ప్రపంచమునకెల్ల గురువుల నిచ్చిన కాలమది. 1842లో డబ్లిన్‌లో స్థాపించిన ఆల్ హాలోస్ కళాశాలయైతే విదేశములకు పంపుటకొరకే గురువులను తయారుచేసినది.

ఈ ధార ఎప్పుడు సన్నగిల్లెను? అపవాదులు వెలువడిన పిదప అని పెక్కురు తలంతురు. కాని తేదీలు వేరుగా చెప్పుచున్నవి. 1960ల నడిమికాలమున శిక్షణకు చేరువారి సంఖ్య శిఖరమునందుకొని, ఆ దశాబ్దము ముగియకమునుపే క్రిందికి దిగజొచ్చెను. 1965లో రెండవ వాటికన్ మహాసభ గురుశిక్షణను సంస్కరింప శాసనము చేసెను. 1967లో పోపు ఆరవ పౌలు బ్రహ్మచర్య నియమము మారదని స్పష్టపరచెను. అదే 1967లో ఐర్లండు ప్రభుత్వము మాధ్యమిక విద్యను ఉచితము చేసెను. రైతుబిడ్డ చదువుకొని గౌరవముగా బ్రదుకుటకు వేరు దారులు తెరచుకొనెను. మేనూత్ కళాశాల సైతము 1966లో సామాన్య విద్యార్థులకు తన తలుపులు తెరచెను. 1997లో ఆ భాగము వేరై స్వతంత్ర విశ్వవిద్యాలయమాయెను. నేడు ఆ పట్టణమున వేలకొలది యువతీయువకులు చదువుచున్నారు. యువకులకు కొరతలేదు, వారు ప్రక్క ద్వారమున ప్రవేశించుచున్నారు, అంతే.

1979లో పోపు రెండవ జాన్ పాల్ డబ్లిన్ నగరమునకు వచ్చినపుడు ఫీనిక్స్ పార్కులో పది లక్షలకు పైగా జనులు చేరిరి. ఆ దృశ్యమును చూచినవారు క్షీణత ఆగునని తలచిరి. ఆగలేదు. 1990 తరువాత అసలు దెబ్బ తగిలెను. కొందరు గురువులు పసిబిడ్డలపై జరిపిన అత్యాచారములును, వానిని పైవారు దాచిపెట్టి, దోషులను ఊరినుండి ఊరికి మార్చిన సంగతులును వెలువడినవి. ప్రభుత్వము నియమించిన సంఘముల నివేదికలు 2005లో ఫెర్న్స్ మండలమును గూర్చియు, 2009లో డబ్లిన్‌ను గూర్చియు ప్రకటింపబడినవి. అంతవరకు గురువులు కాదలచువారి సంఖ్య తగ్గుట జీవనవిధానపు మార్పువలన. ఇప్పుడు నమ్మకమే చెడెను. కుమారుడు గురువగుదుననిన గర్వించిన తల్లియే, వలదు నాయనా యనుటకు మొదలుపెట్టెను.

కళాశాలలు ఒకటొకటిగా మూతబడినవి. కార్లో, కిల్కెన్ని, వాటర్‌ఫర్డ్, వెక్స్‌ఫర్డ్ పట్టణములందలి గురువిద్యాలయములు 1990లలో ఆ పనిని చాలించినవి. కల్లెన్ 1859లో స్థాపించిన డబ్లిన్‌లోని క్లాన్‌లిఫ్ విద్యాలయమును అదే దారి పట్టెను. 2019లో ఆ స్థలమును ఐరిష్ క్రీడాసంఘము కొనెను. ఆల్ హాలోస్ 2016లో మూతబడి, విశ్వవిద్యాలయపు ఆవరణమైనది. ఆ 2016లోనే డబ్లిన్ అగ్రమేత్రాణి తన విద్యార్థులను మేనూత్‌కు పంపక రోముకు పంప నిశ్చయించెను. నారుమడిమీద మేత్రాణికే నమ్మకము సడలెనన్నమాట.

మార్పులు జరుగలేదని కాదు. అదే యేడు రోము ప్రకటించిన క్రొత్త నియమావళి, చదువునకు ముందు ఒక ప్రారంభ శిక్షణాకాలము, మనస్తత్త్వ నిపుణుల సహాయము, విచారణలలో, అనగా ఊరి గుడుల పరిధిలో, ప్రజలనడుమ పనిచేయు అనుభవము ఉండవలెనని చెప్పినది. గట్టులోపలి మౌనముకంటె మనిషి పరిపక్వతకు నేడు ఎక్కువ విలువనిచ్చుచున్నారు. సంఖ్య తగ్గినంతమాత్రమున శిక్షణ నాసియని చెప్పరాదు. బహుశః 500 మందిని ఒక్క అచ్చున పోసిన నాటికంటె నేడే ఒక్కొక్కని శ్రద్ధగా పరిశీలింపవీలగును.

ఇది ఐర్లండుతో ఆగలేదు. ప్రపంచమున గురుశిక్షణలోనున్న వారు 2011లో 1,20,616 మంది. 2023లో 1,06,495 మంది. ఆఫ్రికా ఖండమున పెరుగుచున్నారు, ఐరోపాలో తగ్గుచున్నారు. ఐర్లండులోని గుడులలో నేడు భారతదేశపు, నైజీరియా గురువులు దివ్యబలిపూజ చేయుచున్నారు. హైదరాబాదు రామంతపూర్‌లోని సెయింట్ జాన్స్ వంటి విద్యాలయములలో చదివిన తెలుగు గురువులు అమెరికాలోని పల్లెలలో సేవచేయుచున్నారు. మర్ఫీ ఏలిన హైదరాబాదు పీఠమును నేడు కర్నూలు జిల్లాలో పుట్టిన పూల ఆంథోనిగారు అధిష్ఠించియున్నారు. 2022లో ఆయన తెలుగువారిలో ప్రప్రథమముగా కార్డినల్ అయిరి. ఇచ్చిన చేయి నేడు పుచ్చుకొనుచున్నది. పుచ్చుకొన్న చేయి ఇచ్చుచున్నది.

ఇందు మనకు గర్వకారణ మున్నది, హెచ్చరికయు నున్నది. బీదతనము, పెద్ద కుటుంబము, చదువునకు వేరుదారి లేమి, గురువునకు ఊరిలో గల గౌరవము — ఒకనాడు మేనూత్‌ను నింపిన కారణములలో కొన్ని నేడు మన పల్లెలలోను కలవు. మన పల్లెలలోను కుటుంబములు చిన్నవగుచున్నవి, చదువులు పెరుగుచున్నవి. అవి మారిననాడు మిగిలి పనిచేయునది ఒక్కటే: తమ బిడ్డను ఎవరి చేతిలో పెట్టుచున్నామో వారిపై తల్లిదండ్రులకుగల నమ్మకము. మేనూత్ ప్రార్థనాలయములో సాయంకాలపు వెలుగు నేటికిని రంగుటద్దములగుండా ఆ 454 ఆసనములపై పడుచునే యున్నది. వానిని చేయించుట వడ్రంగులకు సాధ్యమైనది. వానిని నింపుట ఇండ్ల చేతిలోనిది.