బోర్డో వైనూ, ఆలేరు కల్లూ: రుచికి చరిత్ర ఉంటదా?

ఇవాళ్టి ఎపిసోడ్ తాగుడు గురించి కాదు, రుచి చూడడం గురించి.

ఫ్రాన్స్‌లో బోర్డో అనే ప్రాంతం ఉంది. జిరోండ్ ఎడమ ఒడ్డున మెదొక్‌లో కాబర్నే సోవిన్యోన్ ద్రాక్ష ఎక్కువ, అందుకే అక్కడి ఎర్ర వైన్ కాస్త వగరు. కుడివైపు పొమ్రోల్‌లో మెర్లో ద్రాక్ష ఎక్కువ, అది మెత్తగా ఉంటుంది. 1855లో పారిస్ ప్రదర్శన కోసం దళారులు మార్కెట్ ధరలను బట్టి అక్కడి ఎర్ర వైన్లను ఐదు తరగతులు చేశారు. ఆ జాబితా దాదాపు అట్లాగే నేటికీ నడుస్తోంది.

మరి ఒక్క ప్రాంతంలోనే ఇన్ని రుచులు మన దగ్గర లేవా? ఉన్నాయి. ఆలేరు చుట్టుపక్కల ఏ మండువలోనైనా పెద్దమనిషిని అడగండి. ఈత కల్లు వేరు, తాటి కల్లు వేరు. తాట్లో మళ్లీ పోతుతాడు వేరు, పండుతాడు వేరు. చలికాలంలో ఈతకు పేరు, ఎండలు ముదిరితే తాటికి. పొద్దున దించింది తియ్యగా ఉంటది, పొద్దెక్కేకొద్దీ పులుస్తది, మరునాటికి పుల్లగైపోతది. లొట్టికి లోపల సున్నం పూస్తే పులవదు, అదే నీరా.

ఇక్కడే అసలు తేడా. వైన్‌ను సీసాలో పెట్టి ఏండ్లు దాస్తారు కాబట్టి దానికి సంవత్సరం, పేరు, ధర రాసిపెట్టారు. కల్లు ఒక్క రోజు నిలవదు. దాని రుచి తాగినోడి నాలుక మీదా, గీసినోడి చేతిలోనే ఉంటది. ప్రభుత్వాల కాగితాల్లో మిగిలింది మాత్రం చెట్టు పన్నూ, వేలం పాటలూ. నిజాం ఖజానాకు ఆబ్కారీ పెద్ద ఆదాయం. మోకు ముస్తాదు కట్టుకుని ప్రాణానికి తెగించి చెట్టెక్కేది ఒకరు, లాభం కాంట్రాక్టరుది. అందుకే నల్లగొండలో బొమ్మగాని ధర్మభిక్షం గీత కార్మికులను కూడగట్టారు. తర్వాత 1991లో, 1996లో అక్కడి నుంచే లోక్‌సభకు వెళ్లారు.

కల్లు రుచి చరిత్రలో ఒక్కసారి మాత్రం గట్టిగా నమోదైంది. గౌడ కులంలో పుట్టిన సర్వాయి పాపన్న కథలో. మన ఆలేరు పక్కనున్న కొలనుపాక ఫౌజ్‌దారు ఆయన్ని అణచడానికి పోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. 1708లో పాపన్న వరంగల్ మీద, భువనగిరి మీద దాడి చేశాడు. 1710లో మొగలు సేనలు తరుముతుంటే గాయాలతో, మారువేషంలో హసనాబాద్ చేరాడు. అక్కడ కల్లు అడిగాడు. ఏదో ఒకటి కాదు, మంచి కల్లు తెమ్మన్నాడు. ఆ అడిగిన తీరు మామూలు మనిషిది కాదని గీసేవాడు పోల్చుకున్నాడని కథనం. అట్లా దొరికిపోయాడు, చంపేశారు. మొగలు చరిత్రకారులు ఆయన్ని దొంగ అన్నారు, మన పల్లెలు వీరుడిగా పాడుకున్నాయి.

ఇవాళ చాలా చోట్ల కల్లులో ఆల్ప్రజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నారు. పోలీసు కేసులు, ఆసుపత్రి చావులు మనం చూస్తూనే ఉన్నాం. మత్తుమందు కలిస్తే ఈతా తాడూ ఒక్కటే. తేడా పట్టే నాలుక పోతే కల్తీని పట్టేవాడు కూడా ఉండడు. బోర్డో వాళ్లకు జాబితా ఉంది. మనకు ఆ నాలుకే జాబితా. మీ ఊళ్లో గీసే తాతలుంటే వాళ్ల మాట రికార్డు చేసి పెట్టండి.

వచ్చే ఎపిసోడ్‌లో కొలనుపాక. ఉంటా మరి.