కామెంటరీ మనదే

2000 వేసవి. మధ్యాహ్నం మూడు దాటింది. పొన్నూరు జీబీసీ రోడ్డు మీద బాపట్ల బస్సు లేపిన దుమ్ము ఇంకా అణగలేదు. ఇరుకు మెట్లెక్కి కంప్యూటర్ సెంటర్ తలుపు తోస్తే ముందు చెప్పుల గుట్ట అడ్డం పడుతుంది. లోపల ఆరు కంప్యూటర్లు. ఐదు ఖాళీ. ఆరో దాని చుట్టూ కుర్రాళ్లు మూగి ఉన్నారు.

"కాస్త జరుగన్నా, కనపడట్లా."

మెడ సాచితే భుజాల సందులోంచి పచ్చటి తెర. ఫిఫా 98. ఈఏ స్పోర్ట్స్ 1997లో విడుదల చేసిన ఫుట్‌బాల్ ఆట కాపీ సీడీగా ఇక్కడికి చేరేసరికి ఇన్నాళ్లు పట్టింది. దారిలో నోరు కూడా పడిపోయింది. సైజు తగ్గించడానికి జాన్ మాట్సన్ వ్యాఖ్యానాన్నీ, మొదట్లో హోరెత్తాల్సిన బ్లర్ వాళ్ల పాటనీ ఎవరో కోసేశారు. ఆ లోటు వెనక నిలబడ్డవాళ్లు తీరుస్తున్నారు.

"ఎడమ పక్క నుంచి తీసుకెళ్తన్నాడు... ఇద్దర్ని దాటాడు... ఇవ్వరా బంతి, ఇంటికి తీసుకుపోతావా ఏంది!"

ఆడుతున్నది ఇండియా. ఈ ఆటలో 172 జాతీయ జట్లున్నాయి. దేన్ని పట్టుకునైనా క్వాలిఫయింగ్ నుంచి ఫ్రాన్స్‌లోని ప్రపంచకప్ దాకా వెళ్లొచ్చు. అసలు ఇండియా ప్రయాణం 1996లోనే దోహాలో ముగిసింది. ఈ గదిలో మాత్రం జపాన్ మీద ఒక గోల్ ముందుంది. బ్రెజిల్ తీసుకునేవాణ్ణి ఇక్కడ ఎవరూ లెక్కచెయ్యరు.

కీబోర్డు ఒక్కటే, ఆడేది ఇద్దరు. ఒకడికి కుడివైపు బాణాలు, ఇంకొకడికి ఎడమవైపు అక్షరాలు. కిటుకంతా ఇక్కడే ఉంది. ఈ పాత కీబోర్డు ఒకేసారి మూడు నాలుగు మీటలకు మించి పట్టించుకోదు. ఆపైన నొక్కితే డబ్బా 'కీ'మంటుంది, రెండోవాడి ఆటగాడు ఉన్నచోటే దిక్కులు చూస్తాడు. జపాన్ కుర్రాడు గోల్ దగ్గరికొచ్చిన ప్రతిసారీ ఇండియా వాడు పనికిరాని మీటలు అదిమిపట్టుకుంటున్నాడు. నన్నడిగితే దీనికి ఎర్ర కార్డే.

"సార్, మళ్లీ కీ కొట్టిస్తన్నాడు!"

సెంటర్ నడిపే సార్ పేపర్లోంచి తలెత్తుతాడు. "అట్టా గెలిచేదేందిరా? 1956లో మెల్‌బోర్న్‌లో మనోళ్లు ఆస్ట్రేలియాని 4-2తో కొట్టారు. ఒలింపిక్స్ సెమీస్‌కి పోయారు. కోచ్ రహీం హైదరాబాదు, బలరాం సికింద్రాబాదు."

"ఆ టీం ఇందులో ఉందా సార్?"

"ఉంటే గంటకి రెట్టింపు తీసుకునేవాణ్ణి."

తర్వాతి జోడీ ఇండోర్ పెట్టింది. జట్టుకు ఐదుగురు, చుట్టూ గోడలు. బంతిని గోడకు కొట్టి మళ్లీ అందుకోవచ్చు. అవుట్ లేదు, త్రో లేదు, ఊపిరి తీసుకునే సందు లేదు. ప్రహరీ గోడలకు టెన్నిస్ బంతి కొట్టి పెరిగినవాళ్లకు దీన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. పెద్ద మైదానంలో తడబడినవాడు కూడా ఇక్కడ రెచ్చిపోతాడు. మరుసటి ఫిఫాలో దీన్ని తీసేశారు. ఎంత తెలివితక్కువ పనో ఈ అరుపులు వింటే తెలిసేది.

"గోడకేశాడు... మళ్లీ తనే... కొట్టరా, కొ—"

కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. తెర నల్లబడింది.

"గోలే అది! సగం లోపలికి పోయింది, చూశా!"

"ఏం చూశావ్? గోలీ చేతిలో ఉంది."

ఓడినవాడు పునుగులు కొనిపెట్టాలని పందెం. ఇద్దరూ సార్ వైపు తిరిగారు. ఆయన గోడ గడియారం చూసి, ఆడిన 20 నిమిషాలకు డబ్బులు తీసుకుని తీర్పిచ్చాడు.

"చెరి సగం వేసుకుని కొనండి. నాక్కూడా ఒక ప్లేటు."