కార్టూన్లు, కామిక్సులలో చౌర్యం

ఒక చిత్రకారుడు గీసిన వ్యంగ్యచిత్రాన్ని గానీ, బొమ్మల కథను గానీ, అందులోని పాత్రను గానీ మరొకరు తీసుకొని తమ సొంత సృష్టిగా చూపుకోవడాన్ని కార్టూన్లు, కామిక్సులలో చౌర్యం అంటారు. ఇది సాహిత్యంలోని గ్రంథచౌర్యం వంటిదే. కాపీహక్కు ఉల్లంఘన చట్టానికి సంబంధించిన విషయం కాగా, చౌర్యం ప్రధానంగా నీతికి సంబంధించినది. ఈ రెండూ అన్ని సందర్భాలలోనూ ఒకటి కావు.

భావం, వ్యక్తీకరణ

భారత కాపీహక్కు చట్టం (1957) ప్రకారం బొమ్మ ఒక కళాకృతి. దానిపై హక్కు కలగడానికి నమోదు తప్పనిసరి కాదు. చిత్రకారుని పేరుతో వెలువడిన బొమ్మకు ఆయన జీవితకాలంతో పాటు, మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 సంవత్సరాల పాటు రక్షణ ఉంటుంది. ఉదాహరణకు 2014లో మరణించిన బాపు ప్రచురిత చిత్రాలకు ఈ గడువు 2074 చివర ముగుస్తుంది.

భావానికి, ఇతివృత్తానికి కాపీహక్కు లేదని, వాటిని వ్యక్తీకరించిన తీరుకే ఉంటుందని ఆర్.జి.ఆనంద్ కేసులో (1978) సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కనుక బాపు గీతను చూసి నేర్చుకొని అదే ధోరణిలో కొత్త బొమ్మ గీయడం ఉల్లంఘన కాదు. అనుమతి లేకుండా ఆయన బొమ్మనే దించి, సంతకం తీసివేసి ప్రచురిస్తే ఉల్లంఘన, చౌర్యం రెండూ అవుతాయి. గడువు తీరిన బొమ్మను ఎవరైనా ప్రచురించవచ్చు, కాని తమ పేరు పెట్టుకుంటే అది చౌర్యమే.

నాగరాజ్ వివాదం

రాజ్ కామిక్స్ వారి నాగరాజ్ పాత్ర 1986లో మొదలైంది. రాధా పాకెట్ బుక్స్ సంస్థ నాగేశ్ అనే పాత్రతో కామిక్సులు తేగా, రాజా పాకెట్ బుక్స్ సంస్థ 1990వ దశకంలో ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. రెండు పేర్లకూ సర్పరాజు అనే అర్థం ఉండడం, పాము చర్మాన్ని తలపించే ఆకుపచ్చని శరీరం వంటి పోలికలను పరిశీలించిన కోర్టు తాత్కాలిక నిషేధపు ఉత్తర్వు ఇచ్చింది. పాత్ర రూపురేఖలకు కూడా రక్షణ లభించవచ్చని ఈ కేసు తెలియజేస్తుంది.

చిత్రకారుని హక్కులు

పత్రికలో ఉద్యోగిగా గీసిన కార్టూనును పత్రికలలో ప్రచురించే హక్కు యజమానిది. వేరే ఒప్పందం లేనప్పుడు మిగిలిన హక్కులు చిత్రకారునివే. హక్కులన్నీ అమ్మివేసినా, తానే కర్తనని చెప్పుకొనే హక్కును, తన గౌరవానికి భంగం కలిగించే మార్పులను అడ్డుకొనే హక్కును 57వ సెక్షను ఆయనకే ఉంచింది.

విద్యారంగంలో

మేడ్చల్ మల్కాజ్‌గిరి జిల్లా శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం (స్థాపన 1998) మేధోసంపత్తి చట్టాల అధ్యయనానికి పేరుపొందింది. ఈ విషయంపై ఒక పరిశోధన పత్రిక అక్కడి నుండి 2008లో మొదలైంది. ఉన్నత విద్యాసంస్థలకు వర్తించే యు.జి.సి. నిబంధనలు (2018) ఇతరుల పనినే కాక ఆలోచనను తనదిగా చూపడాన్ని కూడా చౌర్యంగా నిర్వచించాయి. ఈ నిర్వచనం కాపీహక్కు చట్టం కంటే విస్తృతమైనది. ఈ నిబంధనల ప్రకారం రచనలలో 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు. బొమ్మలకు ఇటువంటి శాతాల లెక్క సరిపోదు.

నైతిక కోణం

కార్టూనుకు హాస్యపు ఊహే ప్రాణం. ఒకరి ఊహను వేరే బొమ్మతో గీస్తే చట్టానికి చిక్కడం కష్టం, కాని మొదట ఊహించినవారికి దక్కవలసిన పేరు దక్కదు. పాత చిత్రాన్ని అనుసరించి గీసినప్పుడు తమ సంతకం పక్కన మూల చిత్రకారుని పేరు కూడా చేర్చే సంప్రదాయం ఇంగ్లండు వ్యంగ్యచిత్రకారులలో ఉంది. అనుసరణకూ చౌర్యానికీ మధ్య తేడా ఆ ఒక్క పేరులోనే ఉంటుంది.