గుట్టను నడిచి చూడాలి

యాదగిరిగుట్టకు వచ్చేవాళ్లలో చాలామంది గుడిని చూడకుండానే వెళ్లిపోతున్నారు. దర్శనం అవుతుంది, లడ్డూ పులిహోర చేతికొస్తాయి, బస్సు దొరుకుతుంది. క్యూలైన్లో నిలబడ్డ మనిషికి ముందున్నవాళ్ల వీపు, పక్కన కటకటాలు తప్ప ఏం కనబడతాయి? 2016లో పని మొదలుపెట్టి 2022లో మళ్లీ ప్రతిష్ఠ చేసుకున్న ఈ రాతి గుడిని, దానితోపాటు కిందినుంచి పై దాకా మారిపోయిన మా ఊరిని చూడాలంటే నడవాలి. పక్కన తెలిసినవాళ్లు ఒకరుండాలి. అందుకే ఇంటికొచ్చిన చుట్టాలను దర్శనం కాగానే పంపకుండా ఒక పూట ఆపుతాను. వాళ్లకు చూపించేవే ఇక్కడ రాస్తున్నాను.

మళ్లీ కట్టిన ఊళ్లు లోకంలో చాలా ఉన్నాయి. పోలండ్ రాజధాని వార్సాలోని పాత పట్నం రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైతే, అక్కడివాళ్లు పద్దెనిమిదో శతాబ్దంలో బెలోట్టో అనే చిత్రకారుడు వేసిన బొమ్మలను కూడా ముందు పెట్టుకుని వీధులను తిరిగి లేపారు. 1980లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంత దూరం పోనక్కర లేదు. నాగార్జునసాగర్ కట్టినప్పుడు నీళ్లలో మునిగే ఇక్ష్వాకుల కట్టడాలను ఎత్తి నాగార్జునకొండ మీద, అవతలి గట్టున అనుపులో నిలబెట్టారు. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అప్పటి పాలమూరు జిల్లా ఆలంపురానికి తెచ్చి మళ్లీ కట్టారు. ఆ రెండు చోట్లా రాయి పాతదే, చోటు మారింది. మా గుట్ట మీద జరిగింది దానికి తలకిందులు. చోటు కదలలేదు, గుహ కదలలేదు, గుహలో స్వామి కదలలేదు. చుట్టూ ఉన్నదంతా తీసేసి కొత్త రాయితో కట్టారు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని నడిస్తే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది.

నడక కిందినుంచే మొదలుపెట్టాలి. కారులో నేరుగా ఘాట్ రోడ్డు ఎక్కితే సగం కథ పోయినట్టే. రాయగిరి వైపు నుంచి వచ్చే రోడ్డు ఇవాళ వెడల్పుగా, నడుమ చెట్లతో ఉంది. ఊళ్లోకి వచ్చాక మెయిన్ రోడ్డు మీద కొన్ని ఇళ్ల, దుకాణాల ముఖాలు పరిశీలనగా చూడండి. ముందుగది లేని ఇల్లు, సగానికి తెగిన మెట్లు, కొత్తగా కట్టిన ముందుగోడ కనబడతాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందుభాగం పోయినవాళ్లు మిగిలినదానికే గోడ కట్టుకుని షట్టర్ బిగించుకున్నారు. పెద్ద కట్టడం గురించి రాసే ఎవరూ వీటి గురించి రాయరు. గోపురం ఎంత చరిత్రో ఆ తెగిన మెట్లు కూడా అంతే చరిత్ర.

అక్కడినుంచి గండి చెరువు దిక్కు. గుట్ట మీద వెనకట ఇరుకిరుకుగా ఉన్న పనులన్నీ ఇప్పుడు ఈ చెరువు పక్కకు దిగాయి. బస్టాండు, తలనీలాలిచ్చే కల్యాణకట్ట, స్నానాలకు లక్ష్మీ పుష్కరిణి, భోజనాలు, దీక్షాపరుల మండపం అన్నీ ఇక్కడే. పైన దేవుడు, కింద జనం పనులు అనేది కొత్త ప్లాను. శుభ్రత విషయంలో ఇది మంచిదే. పండగ రోజుల్లో గుట్ట మీద ఊపిరాడని రోజులు చూసినవాళ్లెవరూ కాదనరు.

వైకుంఠ ద్వారం దగ్గర మెట్లెక్కండి. కాళ్లు బాగున్నవాళ్లంతా ఒక్కసారైనా మెట్లదారినే పోవాలి, ఎందుకంటే గుట్ట ఆకారం ఎక్కేటప్పుడే తెలుస్తుంది. ఇది ఒకే దిమ్మ లాంటి పాత నల్లగొండ జిల్లా గుట్ట. భువనగిరి ఖిల్లా ఉన్న బండను చూసినవాళ్లకు దీని జాతి తెలుసు. ఇలాంటి బండ మీద చదునైన జాగా తక్కువ. పాత గుడి ఆ తక్కువ జాగాలోనే ఒదిగి ఉండేది. కొత్తగా మాడవీధులు, ప్రాకారాలు, రథం తిరిగే చోటు కావాలంటే జాగా పుట్టించాలి. అందుకని దక్షిణం దిక్కు లోతునుంచి రిటైనింగ్ గోడ లేపి, నింపి, గుట్ట అంచునే ముందుకు జరిపారు. పైన నిలబడి కింది ఊరిని చూసేవాళ్లు తాము నిలబడ్డది బండ మీదా, నింపిన నేల మీదా అని ఆలోచించరు. పైకెక్కాక నేను చూపించే మొదటి విషయం అదే.

ఇప్పుడు తేదీలు. దేవాలయ అభివృద్ధి ప్రాధికార సంస్థ 2015లో ఏర్పడింది. 2016 ఏప్రిల్‌లో బాలాలయం అనే తాత్కాలిక గుడి కట్టి ఉత్సవమూర్తులను అక్కడికి చేర్చారు. ఆ ఏడు దసరాకు, అక్టోబర్ 11న, పునర్నిర్మాణం మొదలైంది. సరిగ్గా అదే రోజు యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టింది. అంతకుముందు దాకా మేం నల్లగొండ జిల్లావాళ్లం. 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ జరిగి మూలవిరాట్టు దర్శనం మళ్లీ మొదలైంది. ఆ నడుమ సంవత్సరాల్లో ఈ ఊళ్లో పెరిగిన పిల్లలకు గుడి అంటే బాలాలయమే, గుట్ట అంటే క్రేన్లు, ఉలి చప్పుడు, రాతిపొడి. ఆనాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు పట్టు పట్టకపోతే ఇది జరిగేది కాదన్నది నిజం. నమూనాలు గీసిన ఆర్కిటెక్ట్ ఆనంద్ సాయి సినిమా సెట్లు వేసిన కళా దర్శకుడు. అది విని చాలామంది అనుమానపడ్డారు. అయితే రాతిని ఆగమ శిల్పశాస్త్రాల ప్రకారం నడిపించింది స్థపతులు. ఉలి పట్టింది ఆళ్లగడ్డనుంచి, తమిళనాడునుంచి వచ్చిన శిల్పులు.

గుడి బయటి వీధిలో ముందు ఒక చుట్టు తిరగాలి. గోపురాలు ఏడు. పడమట ఏడంతస్తుల మహారాజగోపురం, అయిదంతస్తులవి నాలుగు, మూడంతస్తులది ఒకటి, గర్భాలయం మీద విమానం. మామూలుగా మన గోపురాలు ఎలా ఉంటాయి? కింది రెండు వరసలు రాయి, ఆ పైన ఇటుక, సున్నం, బొమ్మలు, రంగులు. ఇక్కడ కలశం కిందివరకూ రాయే. అందుకే రంగు లేదు, ఉండదు కూడా. మహారాజగోపురం కింద నిలబడి తలెత్తి చూస్తే ఒక్కో అంతస్తు బరువును కిందిది ఎలా మోస్తున్నదో వరసలు లెక్కపెట్టవచ్చు. ఎండ ఏటవాలుగా పడే సాయంత్రం పూట చూడాలి. మధ్యాహ్నం నల్లరాయి అంతా ఒక్కటిగా కలిసిపోయి చెక్కడాలు కనబడవు.

ఆ రాయి పేరు కృష్ణశిల. ప్రకాశం జిల్లా గురిజేపల్లి గనులనుంచి లారీల మీద వచ్చింది. దాదాపు రెండున్నర లక్షల టన్నులు అంటారు. రాయిని తట్టి, అది పలికే తీరును బట్టి పురుష శిల, స్త్రీ శిల, నపుంసక శిల అని శిల్పులు విడదీస్తారు. దేవుడి విగ్రహానికి ఒకటి, దేవేరి విగ్రహానికి ఒకటి, నేలకు పరచడానికి ఒకటి. రాతికీ రాతికీ నడుమ సిమెంటు పెట్టలేదు. సున్నంలో కరక్కాయ, బెల్లం, కలబంద, జనపనార కలిపి నూరిన పాత పద్ధతి గచ్చు వాడారు. సున్నం గచ్చు నెమ్మదిగా గట్టిపడుతుంది, రాయి ఎండకు సాగి చలికి ముడుచుకున్నప్పుడు కొంత సర్దుకుంటుంది. సిమెంటుకు ఆ ఓపిక లేదు. మా తాతల కాలంలో బావులకు, బురుజులకు డంగు సున్నం తిప్పిన ఊరివాళ్లకు ఇది కొత్త మాట కాదు. మళ్లీ అంత పెద్ద పనికి అది అక్కరకొచ్చిందంటే మాకు గర్వమే.

లోపలి చుట్టులో ఉన్నవి అష్టభుజి ప్రాకార మండపాలు. మూలల దగ్గర నిలబడితే ప్రాకారం ఒక్కసారిగా మలుపు తిరగకుండా ఎనిమిది పక్కలుగా విరిగి తిరగడం తెలుస్తుంది. ఇందులో వచ్చే బాలపాద స్తంభాల వరసను ఒక చివరనుంచి మరో చివరకు చూడండి. ఈ స్తంభాల మీదే 2019లో పెద్ద గొడవ జరిగింది. అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ, ఆయన పార్టీ గుర్తు చెక్కారని బయటపడింది, ఊరూరా నిరసనలు వచ్చాయి, వాటిని తీసేశారు. తీసేయడమే సరైన పని. స్తంభాల మీద జన జీవితాన్ని చెక్కడం మన గుళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే కానీ, పూజ జరిగే చోట పార్టీ గుర్తుకు చోటు లేదు. ఈ సంగతిని కూడా నడకలో దాచకుండా చెప్పాలి.

ముఖమండపంలోకి వచ్చేసరికి మాటలు ఆగుతాయి. పన్నెండు మంది ఆళ్వార్లు స్తంభాలై నిలబడి పై కప్పును మోస్తుంటారు. మిగతా స్తంభాలు కాకతీయుల పద్ధతిలో ఉంటాయి. కాకతీయుల నేల మీద ఆళ్వార్లు నిలబడటం నాకు ఎప్పుడూ బాగా అనిపిస్తుంది. తమిళదేశపు భక్తి, ఓరుగల్లు రాతిపని ఒకే కప్పు కింద కలిశాయి. కొత్త కట్టడంలో శిల్పులు సొంతంగా ఆలోచించిన చోటు ఇదేనని నా అభిప్రాయం. గర్భాలయ ద్వారం పైన ప్రహ్లాద చరిత్ర ఫలకాలున్నాయి. క్యూ కదిలేలోపే ఎడమనుంచి కుడికి చదువుకోవాలి.

ఆ తర్వాత గుహ. ఇంత ఎత్తు, ఇంత చెక్కడం దాటి వచ్చిన మనిషి ఒక్కసారి తల వంచాలి. అక్కడ శిల్పి లేడు, ఉలి లేదు, బండే పై కప్పు. ఋష్యశృంగుడి కొడుకు యాదమహర్షి ఆంజనేయుడి అనుగ్రహంతో తపస్సు చేస్తే నరసింహుడు అయిదు రూపాల్లో కనబడ్డాడన్నది స్థలపురాణం. జ్వాలా నరసింహుడు, యోగానంద నరసింహుడు, లక్ష్మీనరసింహుడు గుహలోనే ఉంటారు. క్షేత్రపాలకుడైన ఆంజనేయుడి దగ్గర గండభేరుండ నరసింహుడు. ఉగ్ర నరసింహుడు గుట్టంతా తానై ఉన్నాడని నమ్మకం. బయట ఎన్ని లక్షల టన్నుల రాయి పేర్చినా ఈ గుహ ముందు అదంతా ముంగిలే. కట్టినవాళ్లకు ఈ సంగతి తెలుసు, అందుకే గుహను ముట్టలేదు. పునర్నిర్మాణంలో నాకు అన్నిటికంటే నచ్చిన నిర్ణయం అది.

బయటికొచ్చాక బంగారు విమానం వైపు ఎలాగూ చూపు పోతుంది. 50.5 అడుగుల విమానానికి 68 కిలోల బంగారంతో తాపడం చేసి 2025 ఫిబ్రవరి 23న స్వామికి అంకితం చేశారు. నల్లరాతి నడుమ ఆ వెలుగు నిజంగానే అందం. దాని పక్కనే పర్వతవర్ధినీ సమేత రామలింగేశ్వరుడి గుడికి కూడా పోవాలి. దాన్నీ మళ్లీ కట్టి 2022 ఏప్రిల్ 25న ప్రతిష్ఠ చేశారు. పెద్దగుడి వెలుగులో పడి చాలామంది శివాలయాన్ని దాటిపోతారు. హరిహరులు ఒకే గుట్ట మీద ఉండటం ఈ ఊరికి మొదటినుంచీ ఉన్న గుణం.

కొత్తగా వచ్చినవి చెప్పాను, పోయినవి కూడా చెప్పాలి. గుట్ట మీద దుకాణాలు పోయాయి, దాతలు కట్టిన సత్రాల గదులు పోయాయి. కొండ మీద నిద్ర చేయడం మొక్కుగా ఉన్న కుటుంబాలు తెలంగాణ అంతటా ఉన్నాయి, వాళ్లకు పడుకునే చోటు లేకపోయింది. ఈ స్వామి వైద్యుడని మా నమ్మకం. నయంకాని జబ్బుతో వచ్చి మండల దీక్ష పట్టి, తడిబట్టలతో ప్రదక్షిణలు చేస్తూ నలభై రోజులు ఇక్కడే ఉండిపోయేవాళ్లు ఉండేవారు. మా చిన్నతనంలో గుట్ట మీద మనుషుల్లో సగం వాళ్లే అనిపించేది. గుడిని గీసేటప్పుడు గోపురాలను గీసినంత శ్రద్ధగా ఈ మనుషుల చోటును గీయలేదు. 2022లో ఆటోలను పైకి రానివ్వకపోతే ఆటోవాళ్లు ఎన్నాళ్లు రోడ్డు మీద కూర్చున్నారో ఊరంతా చూసింది. 2024లో మళ్లీ అనుమతి ఇచ్చారు. నిద్ర చేసేవాళ్లకూ తర్వాత ఏర్పాటు వచ్చింది. రాయి పేర్చడానికి ఆరేళ్లు పట్టింది, ఊరి అలవాట్లను మళ్లీ పేర్చుకోవడం ఇంకా నడుస్తూనే ఉంది.

చివరికి పాతగుట్టకు పోవాలి. నాలుగైదు కిలోమీటర్ల దూరంలో అదే స్వామి, చిన్న గుడి, తక్కువ జనం. పెద్దగుట్ట మీద ఇంత మార్పు జరిగాక, వెనకటి తీరు ఎలా ఉండేదో కొంతైనా అక్కడ తెలుస్తుంది. రెండూ చూసినవాళ్లకే ఈ ఊరు తెలిసినట్టు.

ఇలా నడిపించి చూపించేవాళ్లు వచ్చినవాళ్లందరికీ కావాలి. హైదరాబాద్‌లో చార్మినార్ నుంచి చౌమహల్లా దాకా పర్యాటక శాఖ వారసత్వ నడకలు నడిపింది. ఇక్కడ అది ఇంకా సులువు. దేవస్థానం, మున్సిపాలిటీ కలిసి ఊరి డిగ్రీ పిల్లలకు స్థపతులతో నాలుగు వారాల శిక్షణ ఇప్పిస్తే చాలు. పాత గుడి నక్షా ఒకటి, పాత గుట్ట ఫొటోలు కొన్ని వైకుంఠ ద్వారం దగ్గర బోర్డు మీద పెట్టాలి. ఆ ఫొటోలు మా ఊళ్లో ఇంటింటికీ ఉన్నాయి. పెళ్లి ఆల్బముల్లో, పుట్టువెంట్రుకల ఫొటోల్లో వెనక కనబడేది పాత గుడే. తెలంగాణలో ఎక్కడున్నా, మీ ఇంట్లో 2016కు ముందు గుట్ట మీద దిగిన ఫొటో ఉంటే దాని వెనక సంవత్సరం, ఎవరెవరున్నారో రాసి దాచిపెట్టండి. ఈసారి వచ్చినప్పుడు ఒక కాపీ వెంట తీసుకుని రండి.