ఒకరోజు కోడిపిల్లల రవాణా: తపాలా చట్టం, హేచరీ వ్యాను, 72 గంటల గడువు

కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు పడుతుంది. పెంకు పగలడానికి కొద్ది ముందు మిగిలిన పచ్చసొన పిల్ల పొట్టలోకి చేరుతుంది. వెనుకబడిన గుడ్ల కోసం తల్లికోడి పొదుగు వదలకుండా కూర్చున్నంతసేపు, ముందు పుట్టిన పిల్లలను నిలబెట్టేది ఈ నిల్వ ఆహారమే. ఇరవయ్యో శతాబ్దపు కోళ్ల వాణిజ్యం దీన్నే రవాణా గడువుగా మార్చుకొంది. ఆ గడువు ఎవరికి ఉపయోగపడింది, దాన్ని లెక్కించే తీరు ఎంతవరకు సరైనది అన్న ప్రశ్నలను హైదరాబాదు నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

అమెరికా తపాలా శాఖ 1913లో పార్సిల్ సేవను ప్రారంభించి, 1918లో ఒకరోజు కోడిపిల్లలను అనుమతించింది. పుట్టిన 72 గంటల లోపల చేర్చాలన్నది నేటికీ అక్కడి నియమం. దానివల్ల హేచరీకి దూరంగా ఉన్న చిన్న రైతు కూడా కొనుగోలుదారు కాగలిగాడు. మన 1898 నాటి తపాలా చట్టం 19వ సెక్షన్ హానికరమైన ప్రాణులను, తపాలా వస్తువులకో సిబ్బందికో గాయం చేయగల ప్రాణులను నిషేధించింది. ఆ సెక్షన్ పదజాలం వరకే చూస్తే కోడిపిల్లను అందులో చేర్చడం కష్టం. అయినా ఇక్కడి పరిశ్రమ తపాలాను ఆశ్రయించి ఎదగలేదు. కారణాన్ని చట్టంలో కన్నా వాతావరణంలోను, పరిశ్రమ నిర్మాణంలోను వెతకడం సమంజసం.

సాధారణంగా ఒక పెట్టెలో నాలుగు అరలు, అరకు 25 పిల్లలు ఉంటాయి. చలిదేశంలో ఒకదానికొకటి ఇచ్చుకొనే వెచ్చదనం వాటిని కాపాడుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే తెలంగాణలో ఆ వెచ్చదనమే ప్రాణాంతకం. అందుకే ఎండ తగలని వేళ ప్రయాణం, గాలి ఆడే వాహనం ఇక్కడ తప్పనిసరి. తపాలా సంచి ఈ రెండింటినీ ఇవ్వలేదు. డాక్టర్ బి.వి. రావు 1971లో పుణెలో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన తరువాతి దశాబ్దాలలో భారీ హేచరీలు విస్తరించాయి. వాటి వ్యాను వేల పిల్లలు కొనే షెడ్డు వద్దకు వెళ్తుంది. నూటికి రెండు పిల్లలు అదనంగా ఇచ్చే వ్యాపార మర్యాద కూడా ఉంది. దారిలో చనిపోయేవాటిని ముందే ధరలో కలుపుకొన్నారన్నమాట!

జంతువుల రవాణా నియమాలకు 2001లో చేసిన సవరణ కోళ్లకు ప్రత్యేక అధ్యాయాన్ని చేర్చింది. పిల్లలను పొదిగిన వెంటనే పంపాలని, ఎండవానలు తగలనీయరాదని అది చెబుతుంది. అయితే ఇంక్యుబేటరులోని గుడ్లన్నీ ఒకే గడియలో పగలవు. మొదటి పిల్లకు, చివరి పిల్లకు మధ్య ఒక రోజుకు పైగా తేడా రావచ్చు. హేచరీ వాటన్నిటినీ ఒకేసారి తీసి పెట్టెలో సర్దుతుంది. కనుక 72 గంటల లెక్క పెట్టె మూత పడినప్పుడు మొదలైనట్లు భావిస్తే, మొదట పుట్టినవాటికి అందులో మూడో వంతు అప్పటికే ఖర్చయి ఉంటుంది. పైగా 72 గంటలన్నది బతికుండే హద్దు మాత్రమే. మేత ఆలస్యమైన పిల్లల తొలి ఎదుగుదల కుంటుపడుతుందని పౌష్టిక పరిశోధనలు చూపాయి.

రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడి, నేడు కోళ్ల పరిశోధన సంచాలనాలయంగా పిలవబడుతున్న సంస్థ వనరాజా, గ్రామప్రియ రకాలను పెరటి పెంపకందారుల కోసమే రూపొందించింది. కానీ 2019లో నగరపాలక సంస్థగా మారిన నిజాంపేటలో ఎవరికైనా పది పిల్లలు కావాలంటే హేచరీ వ్యాను రాదు. అట్టపెట్టె ఒడిలో పెట్టుకొని నగరం దాటవలసిందే. ఇంట్లో పొదుగు కోడి ఉన్నవారికి పిల్లల కన్నా పొదుగుగుడ్లు తెచ్చుకోవడం సులువు. వాటి విషయంలో ఆ గడువు ఇంకా మొదలుకాలేదు.