తోటి ఉద్యోగి మన పేరుతో నకిలీ ఖాతా తెరిస్తే

ఆఫీసులో పక్క సీటువాడే మన పేరు, ఫొటో పెట్టి దొంగ ఖాతా తెరిచి, పైఅధికారికి పిచ్చి మెసేజ్‌లు పంపితే వెంటనే నిలదీయాలనిపిస్తుంది. అక్కడే దెబ్బతింటారు. నిలదీయగానే ఖాతా మాయం, రుజువూ మాయం. ముందు ఖాతా లింకు, తేదీ, టైము కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి. ఈమెయిల్ అయితే, అది అందినవారిని చెరిపేయొద్దని అడగాలి; ఎక్కడినుంచి వచ్చిందో తెలిపే హెడర్ అందులోనే ఉంటుంది. తర్వాత హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటిమాటగా చెబితే రేపు ఎవరూ ఒప్పుకోరు. రుజువు దొరక్కముందే ఫలానావాడని పేరు రాస్తే మాత్రం నింద తిరిగి మనమీదకే రావచ్చు.

ఫోన్, కంప్యూటర్ ద్వారా మరొకరిలా నటించి మోసగిస్తే ఐటీ చట్టం–2000లోని 66డి సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. పాస్‌వర్డ్ దొంగిలించి వాడితే 66సి, శిక్ష అంతే. ఫిర్యాదు నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లోగానీ, పోలీస్ స్టేషన్‌లోగానీ ఇవ్వొచ్చు. మన పేరు చెప్పి ఎవరిదగ్గరైనా డబ్బు లాగి ఉంటే, పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.