కన్నూరు రాజకీయ హింస

కేరళ ఉత్తర భాగములోని కన్నూరు జిల్లాలో మార్క్సిస్టు పార్టీ, రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్ కార్యకర్తల మధ్య 1960వ దశకము చివరి నుండి సాగిన హత్యలు, ప్రతీకార హత్యలను కన్నూరు రాజకీయ హింస అని వ్యవహరిస్తారు. ఇది మత కలహము కాదు. ఇరుపక్షాల మృతులలో అధికులు ఒకే తీయ్య సామాజిక వర్గానికి చెందిన పేద శ్రామికులు.

నేపథ్యము

1968లో మంగుళూరు యజమానుల గణేశ్ బీడీ సంస్థ జిల్లాలో పని నిలిపివేయడంతో వేలాది కార్మికులు ఉపాధి కోల్పోయారు. మరుసటి సంవత్సరము దినేశ్ బీడీ సహకార సంఘము ఏర్పడింది. ఈ ఉద్రిక్తతల నడుమ, 1969 ఏప్రిల్‌లో తలశ్శేరిలో జరిగిన వాడిక్కల్ రామకృష్ణన్ హత్యను సాధారణంగా మొదటిదిగా పేర్కొంటారు.

బాధితులు

1994 జనవరి 25న జరిగిన దాడిలో సంఘ్ కార్యకర్త, ఉపాధ్యాయుడు సి. సదానందన్ రెండు కాళ్ళూ కోల్పోయాడు. ఆయన 2025లో రాజ్యసభకు నియమితుడయ్యాడు. ఆ దాడి జరిగిన మరునాడే విద్యార్థి నాయకుడు కె.వి. సుధీశ్ హతుడయ్యాడు. 1995లో మార్క్సిస్టు నాయకుడు ఇ.పి. జయరాజన్‌పై రైలులో కాల్పులు జరిగినది ఆంధ్ర ప్రదేశ్‌లోనే.

అన్నింటిలో మిక్కిలి దారుణమైనది 1999 డిసెంబరు 1 నాటి ఘటన. యువమోర్చా నాయకుడు, ఉపాధ్యాయుడు కె.టి. జయకృష్ణన్‌ను మోకేరి పాఠశాలలో, పాఠము చెబుతుండగా, పిల్లల కళ్ళ ఎదుటే నరికి చంపారు. ఆ పిల్లలకు కలిగిన గాయము ఏ పార్టీ అమరవీరుల జాబితాలోనూ చేరలేదు. 2003లో విచారణ న్యాయస్థానము ఐదుగురికి మరణశిక్ష విధించింది. 2006లో సుప్రీంకోర్టు నలుగురిని విడుదల చేసి, ఒకరి శిక్షను యావజ్జీవముగా మార్చింది.